చిన్న ఊరి తాగునీటి పథకం ఎవరి చేతిలో పెట్టాలి?

ఊరి నీళ్ల పథకం నిజంగా ఎవరి చేతిలో ఉందో మోటారు కాలిపోయిన రోజున తెలుస్తుంది. అంతవరకూ కమిటీ అయినా, కాంట్రాక్టరయినా, స్థానిక సంస్థ అయినా పెద్ద తేడా కనిపించదు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, ఎవరూ ఏమీ అడగరు. మోటారు ఆగగానే మూడు ప్రశ్నలు లేస్తాయి. ఫోన్ ఎవరికి చెయ్యాలి? రిపేరుకు డబ్బు ఎక్కడుంది? ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లు తాగొచ్చో లేదో ఎవరు చెప్పాలి?

కొత్తగా పథకం కట్టుకుంటున్న ఊరైనా, మూలపడ్డ పథకాన్ని మళ్లీ లేవదీయాలనుకునే ఊరైనా, నిర్వహణ పద్ధతి ఎంచుకునేటప్పుడు ప్రతి పద్ధతినీ ఈ మూడు ప్రశ్నలతో తూచి చూడాలి. ప్రజల భాగస్వామ్యం, ప్రైవేటు సామర్థ్యం లాంటి పెద్ద మాటలు కాసేపు పక్కన పెట్టండి. వాటితో వాదన పెరుగుతుందే గానీ నీళ్లు రావు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఆస్తి మీద హక్కు, రేటు నిర్ణయించే అధికారం వాడుకునే జనం దగ్గర ఉండాలి. సాంకేతిక పని మాత్రం ఒక్క ఊరికంటే పెద్ద గుంపుతో ముడిపడి ఉండాలి. ఈ రెండింటిలో ఏది తగ్గినా పథకం కుంటుతుంది. ఎందుకంటున్నానో ఒక్కో దారీ చూస్తూ చెబుతాను.

ముందు మీ పథకం బరువెంతో చూసుకోండి

అన్ని పథకాలకూ ఒకే నిర్వహణ సరిపోదు. కొండ మీది ఊట నీళ్లు పైపులో వాటంతటవే దిగివచ్చే చోట మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. ఊట చుట్టూ కంచె కాపాడుకోవడం, ట్యాంకు కడగడం, పైపు పగిలితే అతకడం, దాదాపు ఇంతే పని. చేతిపంపు అయితే వాషర్లు, రాడ్లు మార్చడం తెలిసిన మనిషి ఒకరు అందుబాటులో ఉంటే చాలు.

బోరు, సబ్‌మెర్సిబుల్ మోటారు, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఇంటింటి కుళాయి ఉన్న పథకం లెక్క వేరు. కరెంటు బిల్లు నెలనెలా కట్టాలి. స్టార్టర్ పోతుంది. లో వోల్టేజీకి వైండింగ్ కాలిపోతుంది. లోతైన బోరులోంచి మోటారు పైకి తీయడానికే మనుషులు, సామాను విడిగా కావాలి. ఇక చెరువు నుంచో నది నుంచో నీళ్లు తీసుకుని, ఫిల్టర్ బెడ్‌లలో వడకట్టి, క్లోరిన్ కలిపి పంపే పథకమంటే అదొక చిన్న ఫ్యాక్టరీ. పని తెలిసిన మనిషి రోజూ ఉండాల్సిందే.

మొదటి రెండు రకాలూ ఊరివాళ్లు సొంతంగా లాక్కురాగలరు. మూడోది అంచు మీద ఉంది. నాలుగో రకాన్ని ఒక్క ఊరి కమిటీ నెత్తిన పెట్టి వెళ్లిపోవడమంటే వాళ్లను ముంచడమే. ఇంకా పథకం ఏ రకమో తేలని దశలో ఉంటే మీకు మంచి అవకాశం ఉంది: మంచి ఊట అందుబాటులో ఉన్నచోట బోరు జోలికి వెళ్లకండి. పైపు ఖర్చు మొదట ఎక్కువ కావచ్చు. దానికి బదులు తర్వాత ఏళ్ల తరబడి నిర్వహణ తలనొప్పి తగ్గుతుంది.

జీతం లేని కమిటీ

చాలా చిన్న ఊళ్లకు మొదట దొరికే పద్ధతి ఇదే. 1981 నుంచి 1990 వరకు ఐక్యరాజ్యసమితి తాగునీరు, పారిశుద్ధ్య దశాబ్దాన్ని పాటించింది. ఊరివాళ్లే బాగుచేసుకోగలిగే పంపు ఇస్తే ప్రభుత్వ మెకానిక్ కోసం ఎదురుచూడక్కర్లేదన్న ఆలోచన ఆ రోజుల్లోనే బలపడింది. నిర్ణయాల్లో వాడుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఉండాలని 1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు కూడా చెప్పింది. ఆలోచనలో తప్పేమీ లేదు. చాలాచోట్ల అమలులోనే తిరకాసు జరిగింది. పథకం కట్టారు, కమిటీ వేశారు, రెండు రోజులు శిక్షణ ఇచ్చారు, ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. గ్రామీణ నీటి సరఫరా మీద పనిచేసే అంతర్జాతీయ నెట్‌వర్క్ ఒకటి 2009లో సబ్‌సహారా ఆఫ్రికా (సహారా ఎడారికి దక్షిణాన ఉన్న) దేశాల లెక్కలు ఒకచోట చేర్చితే 36 శాతం చేతిపంపులు పనిచెయ్యడం లేదని తేలింది. అంటే మూడింట ఒకటికి పైనే. అదీ అన్నిటికంటే తేలికైన చేతిపంపుల సంగతి.

కమిటీలో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కావడం వల్ల ఇలా జరగలేదు. జీతం లేని పని మొదటి రెండేళ్లూ ఉత్సాహంతో నడుస్తుంది. ఆ తర్వాత కోశాధికారి పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్తాడు. లెక్కలు రాసిన పుస్తకం ఎక్కడో అటక మీద ఉంటుంది. డబ్బు అడగడానికి వెళ్తే బంధువుల ఇల్లే బకాయి ఉంటుంది, గట్టిగా అడగలేరు. పంపు పాడైతే అందరూ తలో కొంత వేసుకుందామంటారు. పక్కింటివాళ్లు వేశాకే నేను వేస్తానని ప్రతి ఇల్లూ అంటుంది. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మనవాళ్లు ఊరికే అనలేదు.

అయినా కమిటీ పనికొచ్చే చోట్లు ఉన్నాయి. ఇళ్లు తక్కువ, పథకం తేలిక, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు, విడిభాగాలు దగ్గరలో దొరుకుతాయి. అలాంటి చోట రిజిస్ట్రేషన్, ఆడిట్ లాంటి హంగామా అక్కర్లేదు. మూడు ప్రశ్నల్లో మొదటిదానికి కమిటీ దగ్గర చక్కటి జవాబుంది, ఎందుకంటే మనిషి ఊళ్లోనే ఉంటాడు. రెండోదానికి జవాబు బలహీనం. మూడోదానికి జవాబే లేదు. నీళ్లలో ఏముందో కమిటీకి తెలిసే దారి సాధారణంగా ఉండదు.

కమిటీనే ఎంచుకుంటే ఒక్క మార్పు తప్పక చెయ్యండి. పంపు నడిపే మనిషికి జీతం ఇవ్వండి, చిన్నదైనా సరే. సేవాభావం కమిటీ సభ్యులకు ఉంటే చాలు, తెల్లవారుజామున లేచి వాల్వు తిప్పే మనిషి నుంచి దాన్ని ఏళ్ల తరబడి ఆశించడం అన్యాయం.

రిజిస్టరైన సంఘం లేదా సహకార సంస్థ

పైకి చూస్తే కమిటీకీ దీనికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. అదే జనం, అదే పథకం. తేడా అంతా కాగితంలో ఉంది, ఆ కాగితానికి చాలా బలం ఉంది. సంఘం పేరు మీద బ్యాంకు ఖాతా ఉంటుంది, అప్పు దొరుకుతుంది, ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చు, మనిషిని ఉద్యోగంలోకి తీసుకోవచ్చు, బకాయిదారు కనెక్షన్ నిబంధన ప్రకారం ఆపొచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపించాలి. కోశాధికారి ఊరు విడిచినా ఖాతా ఊళ్లోనే ఉంటుంది.

ఇది పేద దేశాలకు తాత్కాలికంగా కుదిర్చిన ఏర్పాటనుకుంటే పొరపాటు. డెన్మార్క్‌లో నీటి సరఫరా సంస్థల్లో సంఖ్యాపరంగా ఎక్కువ వినియోగదారుల సొంత సంస్థలే. ఫిన్లాండ్ పల్లెల్లో నీటి సహకార సంఘాలు మామూలు విషయం. చిలీలో గ్రామీణ తాగునీటి కార్యక్రమం 1964లో మొదలైంది. అక్కడ పథకాలను ఊరి కమిటీలు, సహకార సంఘాలే నడుపుతూ వచ్చాయి, 2017లో వాటికోసం విడిగా చట్టం కూడా వచ్చింది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఐర్లాండ్ కథ చూడండి. అక్కడి పల్లెల్లో ఇరుగుపొరుగు ఇళ్లు కలిసి సొంత డబ్బు, ప్రభుత్వ సాయం కలిపి గ్రూప్ వాటర్ స్కీములు కట్టుకున్నాయి. పైపులు ఇంటింటికీ చేరాయి, సంఘాలు బాగా నడిచాయి, జనానికి తమ పథకమన్న గర్వం ఉంది. నీళ్లలో మాత్రం చాలాచోట్ల మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా ఉంది. చివరికి 2002లో ఐరోపా న్యాయస్థానం ఐర్లాండ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. సంఘం ఎంత బాగా నడిచినా నీటి శుద్ధి దానంతటది జరిగిపోదని ఆ కథ చెబుతుంది. ఐర్లాండ్ దాన్నుంచి ఎలా బయటపడిందో తర్వాత చెబుతాను, ఎందుకంటే అదే ఈ పోలిక అంతటికీ కీలకం.

నిబంధనలు రాసుకునేటప్పుడు ఒకరి మాట గుర్తుపెట్టుకోవచ్చు. ఉమ్మడి వనరులను జనమే ఎలా కాపాడుకుంటారన్న దాని మీద పనిచేసి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రోమ్, చాలాకాలం నిలిచిన ఏర్పాట్లన్నిటిలోనూ కొన్ని లక్షణాలు కనిపెట్టారు. అందులో ఒకటి, శిక్ష మెట్లుమెట్లుగా ఉండటం. మొదటిసారి బకాయి పడితే గుర్తుచేయడం, తర్వాత జరిమానా, ఆ తర్వాత నీటి ధార తగ్గించడం, చిట్టచివరికే కనెక్షన్ ఆపడం. మొదటి రోజే కుళాయి కోసేస్తామని రాసుకున్న సంఘం ఆ నిబంధనను అమలు చెయ్యలేకపోతుంది, అమలు కాని నిబంధన ఒకటి ఉంటే మిగతావాటినీ ఎవరూ లెక్కచెయ్యరు. కుళాయి ఆపినా ఆ ఇంటివాళ్లు తాగడానికి ఉమ్మడి కుళాయి ఒకటి తెరిచే ఉంచాలి. సురక్షిత తాగునీరు మానవ హక్కని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2010 జూలై 28న తీర్మానించింది. ఆ తీర్మానం లేకపోయినా పిల్లలున్న ఇంటికి నీళ్లు లేకుండా చేసి ఊరు ప్రశాంతంగా ఉండలేదు.

స్థానిక సంస్థ నేరుగా నడపడం

ఊరి పాలక సంస్థకు పన్ను వేసే అధికారం ఉంది, ఉద్యోగులున్నారు, పై ప్రభుత్వం నుంచి నిధులు వస్తాయి. ఇది సంఘంలా చెదిరిపోదు. పేద ఇళ్ల ఖర్చును మిగతా ఆదాయంతో సర్దగలదు. పెద్ద రిపేరు వస్తే తట్టుకుంటుంది. ఆ లెక్కన రెండో ప్రశ్నకు దీని జవాబే బలమైనది.

కష్టం ఎక్కడంటే, నీళ్ల డబ్బు మిగతా డబ్బులో కలిసిపోతుంది. నీటి బిల్లుల వసూలు రోడ్డుకో వీధి దీపాలకో ఖర్చవుతుంది, మోటారు కాలినప్పుడు నిధుల్లేవంటారు. ఎన్నికలు దగ్గరపడితే రేటు పెంచరు, బకాయిలు అడగరు. అందుకే ఈ దారి ఎంచుకునే ఊరు ఒక్క షరతు మీద గట్టిగా నిలబడాలి: నీటి ఖాతా విడిగా ఉండాలి, అందులో డబ్బు వేరే పనికి వాడకూడదు, మూణ్ణెల్లకోసారి ఆ ఖాతా గోడమీద అంటించాలి.

రెండో కష్టం పర్యవేక్షణ. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అని అయిదువేలు కూడా లేని జనాభా ఉన్న చిన్న పట్టణం ఉంది. అక్కడ నీటి సరఫరా స్థానిక ప్రజా సంస్థ చేతిలో ఉండేది, దానికి ఎన్నికైన సభ్యులు ఉండేవారు. 2000 మేలో భారీ వాన పడి పక్క పొలంలోని పేడ కాలుష్యం ఒక బావిలోకి చేరింది. క్లోరిన్ సరిపడా కలపలేదు. రోజువారీ క్లోరిన్ లెక్కలను కొలవకుండానే పుస్తకంలో రాసేవారని తర్వాత విచారణలో తేలింది. నడిపేవాళ్లకు సరైన శిక్షణ లేదు. పరీక్ష చేసిన ల్యాబు చెడు ఫలితాన్ని నీటి సంస్థకు మాత్రమే పంపింది, ఆరోగ్య శాఖకు పంపలేదు. నీటి సంస్థ ఆ ఫలితాన్ని దాచింది. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు.

వాకర్టన్‌లో డబ్బు లేక కాదు ఇది జరిగింది, మనుషులు లేక కూడా కాదు. నీళ్లు పంపేవాళ్లే నీళ్లు బాగున్నాయని సర్టిఫికెట్ ఇచ్చుకునే ఏర్పాటు వల్ల జరిగింది. పైనున్న సభ్యులు బడ్జెట్ చూసేవారు గానీ నీటి నాణ్యత గురించి అడగాల్సిన ప్రశ్నలు అడగలేదు. మీరు ఏ దారి ఎంచుకున్నా నీటి పరీక్ష ఫలితం ఒకేసారి రెండు చోట్లకు వెళ్లేలా రాసుకోండి, ఒకటి నడిపేవాళ్లకు, ఇంకొకటి వాళ్లతో సంబంధం లేని ఆరోగ్య అధికారికి. దీనికి పెద్దగా ఖర్చు కూడా కాదు.

ప్రైవేటు ఆపరేటరు

దీనిమీద జనంలో భయమూ ఉంది, లేనిపోని ఆశా ఉంది. రెండూ పక్కనపెట్టి ఒప్పందం చూడాలి. రెండు రకాలుంటాయి. ఒకదాంట్లో ఊరు బిల్లులు వసూలు చేసుకుని ఆపరేటరుకు నెలకింత అని ఇస్తుంది. నష్టం ఊరిది. రెండోదాంట్లో ఆపరేటరే బిల్లులు వసూలు చేసుకుని, ఖర్చులు పోను మిగిలినది తీసుకుని, ఊరికో ప్రభుత్వానికో కొంత వాటా కడతాడు. వసూలు కాకపోతే నష్టం అతనిదే. అందుకే ఈ రకంలో మీటర్లు త్వరగా పడతాయి, లీకేజీలు త్వరగా కట్టేస్తారు. పేద వీధికి కనెక్షన్ ఇవ్వడం మాత్రం ఆలస్యమవుతుంది. ఒప్పందంలో ఆ మాట విడిగా రాయకపోతే ఎవరూ పట్టించుకోరు.

చిన్న ఊళ్లకు అసలు చిక్కు ఇంకొకటి. రెండు వందల ఇళ్ల వ్యాపారం కోసం మంచి ఆపరేటరు రాడు. వచ్చేవాడు మంచి ఆపరేటరు కాకపోవచ్చు. సెనెగల్‌లో ఈ చిక్కు తెలిసి ఒక మార్పు చేశారు. అక్కడ బోర్లను ముందు వినియోగదారుల సంఘాలు నడిపేవి. 2014లో గ్రామీణ బోర్ల కోసం ఒక ప్రభుత్వ సంస్థను ఏర్పాటు చేసి, విడివిడి ఊళ్లు కాకుండా పెద్ద ప్రాంతాలను ఒక్కో ప్రైవేటు కంపెనీకి అప్పగించడం మొదలుపెట్టారు. ఆపరేటరుకు గిట్టుబాటు కావాలన్నది ఆలోచన. మా బోరు మా చేతిలోంచి లాక్కున్నారని కొన్ని ఊళ్లు గట్టిగా ఎదురుతిరిగాయి కూడా. సంఘాల దగ్గర ఉన్న డబ్బు, హక్కు ఏమవుతాయో ముందే కూర్చుని తేల్చకపోతే ఏమవుతుందో దాన్నుంచి నేర్చుకోవచ్చు.

మొత్తం పథకాన్ని కాకుండా రిపేరు పనిని మాత్రమే కాంట్రాక్టుకు ఇవ్వడం మరో పద్ధతి. ప్రైవేటు పద్ధతుల్లో నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. కెన్యాలోని కిటుయి ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేతిపంపుల పిడిలో చిన్న పరికరం పెట్టారు, పంపు ఎంత వాడుతున్నారో అది మొబైల్ నెట్‌వర్క్ ద్వారా చెబుతుంది. వాడకం ఆగితే మెకానిక్ బయల్దేరతాడు. పంపు పాడై బాగయ్యేదాకా అంతకుముందు సగటున దాదాపు నాలుగు వారాలు పట్టేది, ప్రయోగంలో అది మూడు రోజుల లోపుకు వచ్చింది. తర్వాత ఊళ్లు నెలనెలా చిన్న మొత్తం కట్టి రిపేరు హామీ పొందే స్థానిక సంస్థలు దాన్నుంచి పుట్టాయి. ఇందులో నచ్చే విషయం, డబ్బు కట్టేది పంపు పాడైనందుకు కాదు, నడుస్తున్నందుకు. పాడైనప్పుడల్లా డబ్బు తీసుకునే మెకానిక్‌కు పంపు మళ్లీ పాడైతేనే లాభం.

కొన్ని ఊళ్లు కలిసి నడపడం

ఈ దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా దృష్టిలో చాలా ఊళ్లకు సరిపోయేది ఇదే.

బ్రెజిల్ ఈశాన్యంలో సియారా అనే కరవు రాష్ట్రం ఉంది. అక్కడ 1996లో సిసార్ అనే ఏర్పాటు మొదలైంది. ఊరూరా ఒక సంఘం ఉంటుంది. ఆ సంఘాలన్నీ సభ్యులుగా ఒక పెద్ద సంస్థ. ఊరి సంఘం తన ఆపరేటరును తనే ఎంచుకుంటుంది. అతను మోటారు వేస్తాడు, మీటర్లు చూస్తాడు, బిల్లులు పంచుతాడు, చిన్న లీకులు కడతాడు. మోటారు కాలితే, శుద్ధి యంత్రం ఆగితే, నీటి పరీక్ష చెయ్యాలంటే పెద్ద సంస్థ ఇంజినీరు వస్తాడు. పెద్ద సంస్థ పాలక మండలిలో ఊరి సంఘాల ప్రతినిధులదే పైచేయి. రాష్ట్ర నీటి కంపెనీ సలహా, సాయం అందిస్తుంది. ఈ పద్ధతి పాకి రాష్ట్రంలో ఇలాంటి సంస్థలు ఎనిమిది అయ్యాయి.

మన మూడు ప్రశ్నలకూ ఇక్కడ జవాబుంది చూడండి. ఫోన్ చెయ్యడానికి ఊళ్లోనే మనిషి ఉన్నాడు, అతని వెనక ఇంజినీరు ఉన్నాడు. వంద ఊళ్ల డబ్బు ఒకచోట ఉంటే ఒక ఊరి మోటారు కాలడం పెద్ద గండం కాదు, ఎందుకంటే వంద మోటార్లూ ఒకే నెలలో కాలవు. నీటి పరీక్షకు ఒక కెమిస్టును పెట్టుకోవడం ఒక ఊరికి అసాధ్యం, వంద ఊళ్లకు తేలిక.

ఐర్లాండ్ బయటపడింది కూడా ఈ దారినే. గ్రూప్ స్కీములకు అప్పటికే ఒక జాతీయ సమాఖ్య ఉంది. చాలా స్కీములను కట్టగట్టి, శుద్ధి ప్లాంట్లు కట్టి ఇరవై ఏళ్లు నడిపే బాధ్యతను ఒకే కాంట్రాక్టు కింద కంపెనీలకు ఇచ్చారు. పైపులు, సభ్యత్వం, బిల్లులు ఊరి సంఘం దగ్గరే ఉన్నాయి. శుద్ధి మాత్రం నిపుణుల చేతికి వెళ్లింది. ఊరు తన పథకాన్ని వదులుకోలేదు, చెయ్యలేని ముక్కను మాత్రమే ఇచ్చింది. ఓస్ట్రోమ్ చెప్పిన లక్షణాల్లో మరొకటి సరిగ్గా ఇదే, చిన్న ఏర్పాట్లు పెద్ద ఏర్పాటులో పొరలు పొరలుగా అమరి ఉండటం.

సమాఖ్య కట్టేంత ఓపిక మీ ప్రాంతంలో లేకపోతే ఇంకా తేలికైన మెట్టు ఒకటుంది. అమెరికా పల్లెల్లో, హోండురస్‌లో తిరిగే సాంకేతిక నిపుణులు ఉంటారు. ఒక్కొక్కరికి కొన్ని పదుల ఊళ్లు. వరసగా తిరుగుతూ పథకం చూస్తారు, లెక్కల పుస్తకం చూస్తారు, క్లోరిన్ కొలుస్తారు, ఆపరేటరుకు పక్కనే ఉండి నేర్పుతారు. రిపేరు వాళ్లే చెయ్యరు, ఎలా చెయ్యాలో, ఎవరిని పిలవాలో చెబుతారు. పది పదిహేను ఊళ్లు కలిసి ఒక మంచి ఎలక్ట్రీషియన్‌నో రిటైరైన ఇంజినీరునో నెలకు రెండు రోజులు ఇలా పెట్టుకున్నా చాలు, తేడా తెలుస్తుంది.

దీనికీ ఒక లోపం ఉంది, దాచను. పెద్ద సంస్థ పెరిగేకొద్దీ ఊరికి దూరమవుతుంది. ఉగాండాలో సంఘాల సమాఖ్యలుగా మొదలైనవాటిని 2017 నుంచి ప్రభుత్వమే ప్రాంతీయ సంస్థలుగా మార్చింది. నీళ్లు నడపడం మెరుగుపడొచ్చు, కానీ అప్పుడది ఊళ్ల సంస్థ కాదు, ప్రభుత్వ సంస్థే. చేరేముందు బయటికొచ్చే దారి కూడా కాగితం మీద ఉందో లేదో చూసుకోండి.

ఎవరి బోరు వాళ్లదే అయితే? ఇళ్లు చెల్లాచెదురుగా ఉన్నచోట తప్పదు. దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లో మాత్రం ఎవరికి వారే యమునా తీరే అయితే ఆ నీళ్లను ఎవరూ పరీక్షించరు, పక్కింటి మరుగుదొడ్డి గుంత ఎంత దూరంలో ఉందో ఎవరూ అడగరు, భూగర్భ జలం కోసం పోటీలో లోతు తవ్వగలిగినవాడే గెలుస్తాడు.

డబ్బు లెక్క ఇలా వెయ్యండి

ఏ దారిలోనైనా రేటు తప్పుగా కట్టడమే ఎక్కువ పథకాలను ముంచుతుంది. ఏడాది కరెంటు, జీతం, క్లోరిన్, చిల్లర రిపేర్లు కలిపి 100 భాగాలనుకోండి. చాలామంది ఇక్కడే ఆగి ఈ వందను ఇళ్లతో భాగిస్తారు. మోటారు, పంపు ధర 80 భాగాలు, ఎనిమిదేళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి 10 పక్కన పెట్టాలి. స్టార్టర్, వాల్వులు, ప్యానెల్ బోర్డుకు ఇంకో 5. మొత్తం 115. వందలో ఎనభై ఇళ్లే సరిగ్గా కడతాయనుకుంటే 115ను 0.8తో భాగించాలి, దాదాపు 144 వస్తుంది. మొదట అనుకున్న 100కూ దీనికీ మధ్య ఉన్న తేడాయే కొన్నేళ్ల తర్వాత ఆగిపోయే మోటారు.

ఈ లెక్క సర్వసభ్య సమావేశంలో నల్లబల్ల మీద వేసి చూపించండి. రేటు ఎక్కువని గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. ఆ గొడవ అయ్యాక ఒప్పుకున్న రేటును జనం కడతారు.

క్లోరిన్ విషయంలో బేరం లేదు

బోరు నీళ్లు లోతు నుంచి వస్తాయి కాబట్టి శుద్ధి అక్కర్లేదనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. న్యూజిలాండ్‌లోని హేవ్‌లాక్ నార్త్ పట్టణం అలాగే అనుకుంది. అక్కడి బోరు నీళ్లకు క్లోరిన్ కలిపేవారు కాదు. 2016 ఆగస్టులో పెద్ద వాన తర్వాత గొర్రెల పేడ నుంచి క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా నీళ్లలోకి చేరి అయిదు వేలమందికి పైగా జబ్బుపడ్డారు. ఆ తర్వాతే ఆ దేశంలో తాగునీటికి ప్రత్యేక నియంత్రణ సంస్థ వచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది తేలిగ్గా గుర్తుంటుంది. క్లోరిన్ కలిపాక కనీసం అరగంట ఆగాలి, అప్పుడు లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ఆఖరి ఇంటి కుళాయి దగ్గర 0.2కు తగ్గకూడదు. పదివేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వెయ్యాలంటే 20 గ్రాముల క్లోరిన్ కావాలి. 25 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే 80 గ్రాములు. సంచి విప్పి ఉంచితే బలం తగ్గిపోతుంది, అందుకే వేసిన గ్రాములు లెక్క కాదు, కుళాయి దగ్గర కొలిచిన అంకె లెక్క. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ లాంటివి క్లోరిన్‌తో పోవు, వాటికి ల్యాబు పరీక్షే దారి. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 0.01 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరును తాగునీటికి ఎంచుకునే ముందు మళ్లీ ఆలోచించాలి.

ఇక మీ ఊరికి ఏది?

వంద ఇళ్లలోపు, ఊట నీళ్లో చేతిపంపో అయితే కమిటీతోనే సాగండి, తిరిగే నిపుణుడిని ఎలాగైనా కుదుర్చుకోండి. మోటారు, ట్యాంకు, ఇంటింటి కుళాయి ఉంటే సంఘాన్ని రిజిస్టరు చేయించి, చుట్టుపక్కల ఊళ్లతో కలిసి రిపేరు, పరీక్షల పని ఉమ్మడిగా పెట్టుకోండి. స్థానిక సంస్థ గట్టిగా ఉండి, ఖాతా విడిగా ఉంచడానికి ఒప్పుకుంటే దానికే అప్పగించడం తప్పేమీ కాదు, కానీ వాడుకునేవాళ్ల సంఘం ఒకటి కాపలాగా ఉండాలి. ఫిల్టర్ ప్లాంటు ఉన్న పథకమైతే నిపుణుల చేతికివ్వకుండా నడపాలనుకోవద్దు. ఊళ్లో రెండు వర్గాలకు పడకపోతే ఏ సంఘమూ నిలవదు, అప్పుడు బయటి సంస్థే నయం.

చేతులు మారే ముందు రెండు పనులు చెయ్యండి. ఒక రాత్రి పదకొండు దాటాక మోటారు ఆపి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ చూడండి. అడుగుభాగం 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న ట్యాంకులో మట్టం 20 సెంటీమీటర్లు తగ్గితే ఎవరూ వాడని వేళ 1,800 లీటర్లు నేలపాలయ్యాయని అర్థం. అది తెలియకుండా ఎవరితోనూ రేటు మాట్లాడొద్దు. రెండోది, పాత ఆపరేటరుతో కలిసి ఊరంతా నడవండి. ఏ వాల్వు ఏ వీధి మట్టికింద ఉందో, పైపు ఎక్కడ మలుపు తిరిగిందో, బోరు ఎంత లోతో, మోటారు ఏ లోతులో దింపారో చాలా ఊళ్లలో ఒక్క మనిషి తలలోనే ఉంటుంది. అవన్నీ పటం మీద గీయించి, ప్రతి వాల్వు దగ్గర రాయి పాతించాకే అతన్ని పని నుంచి పంపండి.